ఒకటో మెట్టు

మా ముత్తాతగారు కొల్లిపర వైపు మూడు గ్రామాలకు మునసబు. ఆయన అరుగు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళని మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవారు. అందులో గర్వపడవలసింది ఏమీ లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, తెనాలిలో కాలవ పక్కన బియ్యం మిల్లు పెట్టారు. తాలూకా బోర్డులో సభ్యులు. రైలు దిగిన కలెక్టరు ముందు మా ఇంట్లో కాఫీ తాగి ఆ తర్వాతే బంగళాకు వెళ్ళేవాడు. పంట లేని నెలల్లో తాతగారు మిల్లు గోడౌను ఖాళీ చేయించి నాటక కంపెనీలకు ఇచ్చేవారు. నటులు, హార్మోనియం వాయించేవాళ్ళు, తెరలకు రంగులు వేసేవాళ్ళు నెలా రెండు నెలలు అక్కడే ఉండి, మా వంటింటి భోజనం తిని, కొత్త నాటకం తయారు చేసుకుని, మొదట అక్కడే ఆడి చూపించి వెళ్ళేవాళ్ళు. తాతగారు దాన్ని విడిది అనేవారు. అలాంటి ఏర్పాటుకు ఇప్పుడు రెసిడెన్సీ అని పేరుందట.

మా నాన్నగారు తన జీవితంలో చెప్పుకోదగ్గవి రెండు పనులు చేశారు. మిల్లు పోగొట్టారు, తాతగారి విగ్రహం చేయించారు. ఛాతీ వరకు ఉన్న సిమెంటు విగ్రహం. ఇనప గేటు లోపల, గోడౌను పెద్ద తలుపుల ముందున్న ఖాళీ స్థలంలో దిమ్మె కట్టించి దాని మీద నిలబెట్టారు. పసిమి ఛాయ, గులాబిరంగు పెదవులు, ఉత్తరీయానికి బంగారు అంచు. విగ్రహంలో మీసం ఒక్కటే తాతగారిది. ఆయన నల్లగా ఉండేవారు. మామూలు నలుపు కాదు. మిల్లు కూలీలు చాటుగా ‘నల్లదొర’ అనేవారు. ఆ మాటను ఇంట్లో పలికినందుకు చిన్నప్పుడు ఒక పూట నాకు అన్నం పెట్టలేదు.

తెనాలిలో విగ్రహాల షెడ్లు చాలా ఉన్నాయి. నాయకులవీ, దేవుళ్ళవీ, చనిపోయిన తండ్రులవీ అన్నీ అక్కడ తయారవుతాయి. తండ్రి విగ్రహమైతే చివర్లో రంగుల మేస్త్రి ఇంటి పెద్దను పిలిచి ఒక ప్రశ్న అడుగుతాడు. ఎన్ని మెట్లు తగ్గించమంటారు అని. తగ్గించడమంటే నలుపు తగ్గించడం. అసలు తగ్గించవద్దన్న కుటుంబం ఉందని నేను వినలేదు. మా నాన్నగారు ఎన్ని మెట్లు చెప్పారో అప్పట్లో నాకు తెలియదు.

నా సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. బీమా ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. నా చేతికి వచ్చేసరికి మిగిలినవి గోడౌను, దాన్ని ఆనుకున్న రెండు గదులు, ముందున్న ఖాళీ స్థలం, గేటు, విగ్రహం.

కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం రేపల్లె నుంచి ఒకాయన వచ్చారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. గేటు బయటే నిలబడి నమస్కారం పెట్టారు.

“మీ గోడౌను ఖాళీగా ఉందని విన్నానండి.”

“ఖాళీగానే ఉంది. అద్దెకు ఇవ్వను.”

“అద్దెకు కాదండి. ఊరికే అడుగుదామని వచ్చాను.”

ఊరికే అడగడానికి మా గేటు దగ్గరకు వచ్చిన మొదటి మనిషి ఆయన. లోపలికి రమ్మని కుర్చీ వేశాను.

ఆయన చెప్పింది ఇది. ఆఫ్రికా దేశాల నుంచి మన నగరాలకు చదువుకోవడానికి వచ్చినవాళ్ళలో బొమ్మలు వేసేవాళ్ళు, శిల్పాలు చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పని చేసుకునే చోటు దొరకదు. ఒకసారి హైదరాబాదులో ఒక నల్లజాతి చిత్రకారుడికి ఇల్లు వెతికిపెట్టడానికి మాస్టారు వెంట తిరిగారట. టులెట్ బోర్డు పెట్టిన ప్రతి ఇల్లూ ఆ అబ్బాయి ముఖం చూశాక ఖాళీ లేనిదైపోయింది. హైదరాబాదును నేను మార్చలేను గానీ మన వైపు ఏదో ఒకటి చెయ్యగలను అనుకున్నారట. ఏడాదికి ఒకరినో ఇద్దరినో పిలవాలి. రెండు నెలలు ఇక్కడ ఉండి, ఈ ఊరి పనివాళ్ళ దగ్గర కావలసింది నేర్చుకుని, తమ పని తాము చేసుకోవాలి. చివర్లో తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో తలా రెండు రోజులు ప్రదర్శన పెట్టాలి. టిక్కెట్టు ఉండదు, ఎవరైనా రావచ్చు. బాపట్లలో చర్చి హాలు ఇస్తామన్నారు. రేపల్లెలో ఆయన పనిచేసిన బడి ఉంది. తెనాలిలో చోటు కావాలి, ఉండడానికీ పని చేసుకోవడానికీ కూడా.

“తెనాలిలో ఇన్ని ఫంక్షను హాళ్ళుంటే ఇదే ఎందుకు?” అన్నాను.

ఆయన గోడౌను తలుపుల వైపు చూశారు. “మా అమ్మ ఇక్కడికి నాటకాలకు వచ్చేదండి. కోతలప్పుడు మీ పొలాల్లో పనిచేసేది. ఇదిగో, ఈ ఖాళీ స్థలంలో నిలబడేదట, మావాళ్ళందరితో పాటు. నాటకాలన్నీ మాకు పాడి వినిపించేది. చూడలేదు. లోపలికి మావాళ్ళను రానిచ్చేవారు కాదుగా. విన్నది, అంతే.”

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. వివరం అడిగినందుకు వివరం చెప్పారు. లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి ఇచ్చాను.

మొదటి ఏడాది నైజీరియా నుంచి వచ్చిన చిత్రకారుడు గోనెసంచుల మీద బొమ్మలు వేశాడు. రెండో ఏడాది ఒక ఫొటోగ్రాఫరు వచ్చి వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులు ఫొటోలు తీశాడు. జీడి గింజల నూనెకు నల్లబడ్డ ఆ వేళ్ళను చూడడానికి ఆ ఆడవాళ్ళే ఆటో మాట్లాడుకుని బాపట్ల వచ్చారు. మూడో ఏడాది ఘనా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఈ వ్యాసం ఆమె గురించి, మా తాతగారి గురించి.

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. హైదరాబాదులో రెండేళ్ళు చదివింది. తెలుగు విని విని నేర్చుకుంది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ అండి చేర్చేది. వచ్చిన రోజు నన్ను ఆంటీ అంది. మా ఇంటి ఆడవాళ్ళను అమ్మగారు అంటారని చెప్పాను.

“ఎందుకండి? మీరు ఎవరి అమ్మగారండి?”

“ఎవరి అమ్మనూ కాదు. అది మర్యాద.”

“మర్యాద అయితే ఓకే అండి,” అని అమ్మగారు ఆంటీ అనడం మొదలుపెట్టింది. రెండు నెలలూ అలాగే పిలిచింది.

ఆమె చేయడానికి వచ్చింది వాళ్ళ నాయనమ్మ తల. ఆమెను పెంచిన మనిషి. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో చేపలు పొగపెట్టి అమ్మేదట. ఈమె హైదరాబాదులో ఉండగా చనిపోయింది. పరీక్షల మధ్య కబురు వచ్చింది, వెళ్ళలేకపోయింది. వాళ్ళ వైపు పూర్వం పోయిన పెద్దవాళ్ళ తలలు మట్టితో చేసి పెట్టేవాళ్ళట. చేసేది ఆడవాళ్ళేనట. ఏడాది నిండేసరికి ఆ తల చేసి ఇంటికి తీసుకువెళ్ళాలని ఆమె ఉద్దేశం. రేపల్లెలో ప్రదర్శన అయిన వారానికే ప్రయాణం.

తల చేయడం ఆమెకు కష్టం కాలేదు. కొల్లిపర దారిలో ఒక కుమ్మరి ఇంట్లో కూర్చుని కృష్ణ ఒడ్డు మట్టితో పది రోజుల్లో చేసింది. ఆవంలో కాల్చారు. పగుళ్ళు లేకుండా వచ్చింది. పెద్ద నుదురు, ఏదో మాట అనబోతున్నట్టు కొంచెం తెరిచిన పెదవులు, మెడ మీద మూడు ముడతలు. కష్టమల్లా రంగు దగ్గర వచ్చింది.

నాయనమ్మవి ఆమె దగ్గర నాలుగు ఫొటోలున్నాయి. ఒక్కదానిలోనూ అసలు రంగు లేదు. ఫోనులో తీసినవి ఫోనే తెల్లగా చేసింది, స్టూడియోలో తీసినదాన్ని స్టూడియోవాడు చేశాడు. “ఆ రంగు ఇప్పుడు ఇక్కడే ఉందండి,” అని తన నుదురు చూపించింది. “ఏడాది అవుతోంది. నేను మర్చిపోకముందే చెయ్యాలండి.”

మిల్లుల్లో ఊక కాల్చిన నల్లటి బూడిద తెచ్చుకుని, మెత్తగా నూరి, అవిసె నూనెలో కలిపి గుడ్డతో రుద్దేది. ఎండలో ఆరబెట్టి మళ్ళీ రుద్దేది. ఒక పూతలో జేగురు కలిపేది, ఇంకో పూతలో నీలిమందు. ఇరవై రోజులు అదే పని. నేను నా కిటికీలోంచి చూసేదాన్ని. పూత పూతకీ ఆ తల నల్లబడుతున్న కొద్దీ ముఖం కనబడకుండా పోతుందని నేననుకున్నాను. అలా జరగలేదు. చివరి పూతల తర్వాత మధ్యాహ్నపు వెలుతురులో చెంప మీద నీలి ఛాయ, కంటి కింద ముదురు గోధుమ ఛాయ కనిపించేవి. చూశాను. అయితే బాగుందని నాకు అనిపించలేదు. ఆ సంగతి కూడా రాయాలి.

తెనాలి ప్రదర్శన నాలుగు రోజులుందనగా ఆమె, మాస్టారు హాలు చూసుకోవడానికి బాపట్ల వెళ్ళారు. తలకు దుమ్ము పట్టకుండా పైన ఒక పల్చటి వార్నిషు పూత వేయడానికి రంగుల మేస్త్రిని పిలిచి వెళ్ళారు. ఈయన తండ్రే మా తాతగారి విగ్రహానికి రంగు వేసినవాడు. ముస్లిం కుటుంబం, మూడు తరాలుగా అదే పని. ఆ అమ్మాయికి రంగులు నూరడంలో మెళకువలు చెప్పింది ఆయనే. చెల్లెమ్మా అని పిలిచేవాడు.

ఆయన తల చుట్టూ రెండుసార్లు తిరిగి నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

“అమ్మగారూ, ఒక మాటండి. పని అద్భుతంగా ఉందండి. కానీ రంగు మరీ ఇలా వదిలేస్తే బాగోదేమోనండి. రేపు ఊరంతా వచ్చి చూస్తారు. నవ్వితే చెల్లెమ్మ బాధపడుద్ది.”

“ఏం చేస్తావు?”

“నాలుగు మెట్లు తగ్గిస్తానండి. స్ప్రే గన్నుతో కొడితే గంట పని. నా తరఫున ఊరికే చేస్తాను. పోయిన మనిషి కదండీ, కాస్త కళగా పంపిద్దాం.”

ఆయన అడిగింది ఇంటి పెద్దను. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో ఎప్పుడో తయారై ఉంది. “నీటుగా చెయ్యి,” అన్నాను. కుర్చీ బయటికి తెప్పించుకుని గంటసేపు చూస్తూ కూర్చున్నాను కూడా. గన్నులోంచి పొగలాగా రంగు వచ్చి నుదురు మీద, ముక్కు మీద, చెంపల మీద పడింది. చామనచాయ, దాని మీద ఇంకొంచెం పసుపు, పెదవులకు కొద్దిగా ఎరుపు. పూర్తయ్యాక ముఖం తేటపడిందనుకున్నాను. మేస్త్రికి కాఫీ ఇచ్చాను.

సాయంత్రం నాలుగింటికి వాళ్ళిద్దరూ బాపట్ల నుంచి వచ్చారు. మేస్త్రి తలుపు దగ్గర చేతులు కట్టుకుని, బహుమతి ఇచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు. ఆమె తలను చూసింది. దగ్గరకు వెళ్ళలేదు.

“ఈవిడ ఎవరండి?” అంది.

“అదేంటి చెల్లెమ్మా, మీ నాయనమ్మే.”

“కాదండి.”

మాస్టారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. మేస్త్రికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. “తుడిచేస్తా తల్లీ, ఇప్పుడే తుడిచేస్తా,” అని థిన్నరు సీసా అందుకున్నాడు. ఆయన గుడ్డ ముంచి చెవి వెనకాల నాలుగుసార్లు రుద్దేసరికి పైరంగుతో పాటు కింద నూనెపూతలూ కరిగి ఊడివచ్చాయి. ఎర్రటి మట్టి బయటపడింది. ఇరవై రోజుల పని గుడ్డకు అంటుకుంది.

“ఎవరు చెయ్యమన్నారు?” అని మాస్టారు అడిగారు.

మేస్త్రి నా వైపు చూడలేదు. “ఎవరూ అనలేదండి. తప్పు నాదే,” అన్నాడు.

ఆ క్షణంలో నేను మాట్లాడవలసింది. మాట్లాడలేదు. తలనొప్పిగా ఉందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. మా ఇంటి పరువును ఒక రంగుల మేస్త్రి కాపాడుతుంటే నేను కాపాడనిచ్చాను.

మర్నాడు పొద్దున ఆమె కుండపెంకుల మీద రంగులు కలిపి ఎండలో వరసగా పెట్టుకుని కూర్చుంది. తలను మొత్తం మట్టి వరకు తుడిచేశారు. ఒక్కో పెంకు తీసి చూసి పక్కన పడేస్తోంది. కాఫీ తీసుకువెళ్ళి ఇచ్చాను.

“అమ్మగారు ఆంటీ, రావడం లేదండి,” అంది. “కళ్ళు మూసుకుంటే నిన్నటి ముఖం కనిపిస్తోందండి. ఆ పసుపు ఆవిడ. మా నాయనమ్మ వెనక్కి వెళ్ళిపోయిందండి.”

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. అక్కడే ఉన్న మేస్త్రి తల దించుకున్నాడు. మాస్టారు, పోనీ మిగతావి పెడదాం, తల లేకుండా చేద్దాం అంటున్నారు. మిగతావి అంటే ఆమె గీసిన బొగ్గు బొమ్మలు.

“చెయ్యమన్నది నేను,” అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

“మేస్త్రి నన్ను అడిగాడు. నేను సరే అన్నాను. కుర్చీ వేసుకుని చూశాను. ఆయన తప్పేమీ లేదు.”

“అమ్మగారూ, ఎందుకండీ ఇప్పుడు...” అని మేస్త్రి అడ్డురాబోయాడు.

“నువ్వు ఊరుకో.”

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. “ఎందుకు సరే అన్నారండి?”

దానికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది. లేచి ఆమెను విగ్రహం దగ్గరకు తీసుకువెళ్ళి, ఈయన మా తాతగారు, ఈయన నీకంటే నల్లగా ఉండేవారు అన్నాను. ఆమె తెల్లటి ముఖాన్ని, బంగారు అంచును, గులాబి పెదవులను తీరిగ్గా చూసింది.

“ఈయన కూడా వెనక్కి వెళ్ళిపోయారండి,” అంది.

అప్పుడు మేస్త్రి సైకిలెక్కి షెడ్డుకు వెళ్ళి, పాతగుడ్డలో చుట్టిన ఒక చెక్క తెచ్చాడు. చేతి వెడల్పు, మూరెడు పొడవు. దాని మీద అడ్డంగా తొమ్మిది రంగుల పట్టీలు. అడుగున నలుపు, పైకి పోయే కొద్దీ తెలుపు. వాటినే వాళ్ళు మెట్లంటారు. ఇంటి పెద్దలు వేలు పెట్టి చూపించేది ఈ చెక్క మీదే. నాలుగు నుంచి ఎనిమిది వరకు పట్టీలు వేళ్ళు తగిలి తగిలి మాసిపోయి ఉన్నాయి. అడుగున ఒకటో మెట్టు నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది. చెక్క వెనకవైపు వాళ్ళ నాన్న విగ్రహాలు చేయించినవాళ్ళ ఇంటిపేర్లు పెన్సిలుతో రాసి, ఒక్కో పేరు ముందు రెండు అంకెలు వేసుకున్నాడు. మొదటిది మనిషికి ఉన్న రంగు, రెండోది ఇంటివాళ్ళు అడిగిన రంగు. మా ఇంటిపేరు ముందు ఒకటి, ఏడు అని ఉంది.

అలా నాకు తెలిసింది. ఆరు మెట్లు. చెక్క మీద ఉన్న పేర్లలో అంత దూరం వెళ్ళింది మేమొక్కళ్ళమే.

ఆమె ఒకటో మెట్టును ఎండలోకి తిప్పి చాలాసేపు చూసింది. “దీనికంటే కొంచెం లోపలికండి,” అంది. “ఇంకా నీలం. కానీ దారి ఇదేనండి. ఇది ఎలా చేశారండి?”

“దీపం మసి, నీలిమందు, చిటికెడు జేగురు. మా నాన్న చేతి లెక్క నాకు తెలుసు. కానీ చెల్లెమ్మా, నాకు తగ్గించడమే వచ్చు. ఇటువైపు నేనెప్పుడూ రాలేదు.”

“ఇద్దరం వెళ్దామండి.”

ఇంకొక చిక్కు ఉంది. పెంకు మీద సరిపోయిన రంగు ముఖం మీద సరిపోదట. ముక్కు, చెంప, కంటిగుంట, అన్నిచోట్లా వెలుతురు వేరుగా పడుతుంది. ముందు ఏదైనా ఒక ముఖం మీద వేసి చూసుకోవాలి, నాయనమ్మ తల మీద మళ్ళీ ప్రయోగం చేయలేనంది. మూడు రోజులే ఉన్నాయి. షెడ్డులో ఉన్న విగ్రహాలన్నీ ఎవరో ఒకరు చేయించుకున్నవి.

“ఆయన మీద వేసి చూడండి,” అని విగ్రహం చూపించాను.

మాస్టారు లేచి నిలబడ్డారు. “అమ్మగారూ, ఆలోచించుకోండి. మీ వాళ్ళు ఏమన్నా అంటారేమో.”

“మా వాళ్ళంటే నేనే.”

ఆ పూటా మర్నాడూ వాళ్ళిద్దరూ నిచ్చెన వేసుకుని మా తాతగారి ముఖం మీద పనిచేశారు. పసిమి రంగును ఉప్పు కాగితంతో గీకేశారు. ఒకటో మెట్టు వేశారు. ఆమె కిందికి దిగి దూరం నుంచి చూడడం, ఇంకొంచెం నీలం అనడం, మేస్త్రి కలపడం. గేటు బయట జనం ఆగడం మొదలైంది. మా దూరపు బంధువు ఒకాయన స్కూటరు ఆపి లోపలికి వచ్చేశాడు.

“ఏంటక్కయ్యా ఇది! పెదతాతగారికి మసి పూస్తున్నారా? వంశంలో ఎవరన్నా చేశారా ఇలాంటి పని?”

“మీ పెదతాతగారు ఏ రంగులో ఉండేవారు?”

“అదీ... ఆయనా...”

“చెప్పు.”

“నల్లగానే ఉండేవారనుకో. అయినా విగ్రహానికి ఏంటి సంబంధం?”

నిచ్చెన మీద నుంచి ఆ అమ్మాయి అంది, “అన్నయ్యగారండి, మీరు కొంచెం ఇటు నిలబడండి. మీ నీడ తాతగారి మీద పడుతోందండి.”

జనం నవ్వారు. ఆయన స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నన్ను పలకరించడు.

రెండో రోజు మధ్యాహ్నానికి ముఖం పూర్తయింది. ఎండ నుదుటి మీద పడ్డప్పుడు, మిల్లు వరండాలో పడకకుర్చీలో కూర్చుని ఊక దుమ్ము తుడుచుకునే మనిషి నాకు గుర్తుకు వచ్చారు. అంతకు ముందు ఆ విగ్రహాన్ని చూసి నాకు ఎవరూ గుర్తుకు రాలేదు.

మూడో రోజంతా ఆమె ఒక్కతే గోడౌనులో కూర్చుని నాయనమ్మ తలకు రంగు వేసింది. ఇరవై పూతలకు వ్యవధి లేదు. ఆరు వేసింది. వార్నిషు వద్దంది.

తెనాలి ప్రదర్శనకు మేము అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. సగంమంది మా తాతగారి కోసం వచ్చారని నాకు తెలుసు. గేటులోంచి వచ్చి, విగ్రహం ముందు ఆగి, చెవులు కొరుక్కుని, అక్కడి నుంచి పెద్ద తలుపుల్లోంచి లోపలికి నడిచారు. లోపల పీట మీద, కిటికీ వెలుతురులో నాయనమ్మ ఉంది. విగ్రహం దగ్గర మాట్లాడినంతగా ఎవరూ అక్కడ మాట్లాడలేదు. ఊళ్ళోని కళాసంఘాలవాళ్ళు అలవాటు కొద్దీ శాలువా, పూలదండ తెచ్చి ఉపన్యాసాలు మొదలుపెట్టబోతే, ఆమె శాలువా తీసుకుని మేస్త్రి భుజాల మీద వేసింది. ఆయన దాన్ని తీసి మడతపెట్టి చంకలో పెట్టుకుని, సాయంత్రం దాకా ఎవరికీ కనపడకుండా వెనక నిలబడ్డాడు.

బాపట్లలో అక్కడ చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థులు ఆరుగురు వచ్చారు. ఒకమ్మాయి తలను తాకవచ్చా అని అడిగి, రెండు వేళ్ళతో చెంప తాకి, ఫోను తీయకుండానే బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

రేపల్లెకు పాసింజరులో వెళ్ళాం. తలను వరిగడ్డిలో చుట్టి, గోనెసంచిలో పెట్టి, ఆమె ఒళ్ళో పెట్టుకుంది. టీసీ వచ్చాడు.

“బస్తాలో ఏంటమ్మా?”

“మా నాయనమ్మ తలండి.”

ఎదురు సీట్లో చేపలగంప ఆవిడ గంపతో సహా లేచి నిలబడింది. మాస్టారు సంచి మూతి విప్పి చూపించాల్సి వచ్చింది. టీసీ గడ్డి పక్కకు తీసి ఆ ముఖాన్ని కాసేపు చూశాడు. “అచ్చం మనిషిలాగే ఉందండి. సీటు ఇవ్వండి, ఒళ్ళో ఎందుకు,” అని ముందుకు వెళ్ళిపోయాడు. గంప ఆవిడ కూర్చుని, మెడ మీది ముడతలు చూసి, ఏం పని చేసేదని అడిగింది. చేపలమ్మేదని చెప్తే జరిగి చోటిచ్చింది.

బడిలో రెండో రోజు ప్రదర్శన మూసేశాక నేను ఆమెను అడిగాను, రంగు సరిపోయిందా అని. ఆమె తలను అటూ ఇటూ తిప్పి చూసింది.

“దగ్గరే ఉందండి,” అంది. “సరిగ్గా అదేనో కాదో ఇంటికి వెళ్ళాక మా అమ్మ చెప్తుంది. ఇరవై పూతల రంగు ఉంది కదండి, అది మళ్ళీ రాదు.”

క్షమించమని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాట వాడడం ఎవరూ నేర్పలేదు. ఆమె కూడా ఫరవాలేదని అనలేదు. సంచి మూతి కడుతూ పురికొస ఒక కొన నాకు అందించింది. పట్టుకోమంటే పట్టుకున్నాను.

వెళ్ళాక రెండు నెలలకు మాస్టారి ఫోనుకు కబురు పంపింది. తల ఇంట్లో పెట్టారట. వాళ్ళ అమ్మ చూసి, ఎండలో కూర్చున్నప్పటి నాయనమ్మ అందట, వంటింట్లో ఇంకా నల్లగా ఉండేదందట.

తర్వాతి ఏడాదికి ఇద్దరు వస్తామన్నారు. గోడౌను కప్పు అప్పటికే రెండు చోట్ల కారుతోంది. రేకులు మార్చకుండా మనుషులను ఉంచలేం. తాతగారి విగ్రహాన్ని దిమ్మె మీద నుంచి దించి, గోడౌను లోపల, అప్పట్లో నాయనమ్మ తలను పెట్టిన కిటికీ పక్కన పెట్టించాను. ఇప్పుడు లోపలికి దారి కాలవ వైపు నుంచి, పూర్వం పడవల్లోంచి బస్తాలు దించిన తలుపులోంచి. గోడౌను ముందు, నాటకాలప్పుడు జనం నిలబడిన ఖాళీ స్థలం మూడు సెంట్లు, ఇనప గేటుతో సహా, రేకుల ఖర్చుకు మొన్న వేసవిలో అమ్మేశాను.